లేవని లినక్సు: రెస్క్యూ మోడ్ పూర్వకథ

కంప్యూటరు లేవకపోతే సర్వస్వం పోయిందనుకోవడం మనుష్య సహజం. నిజానికి చాలాసార్లు పోయేది తలుపు తాళం మాత్రమే, ఇంట్లోని సామాను ఇంట్లోనే భద్రంగా ఉంటుంది. రెస్క్యూ మోడ్ పుట్టుక అంతా ఈ భేదాన్ని గుర్తించడంలోనే ఉన్నదని నా అభిప్రాయం.

1990ల తొలినాళ్ళలో లినక్సును లేపే పని వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలోది. దీనికి ఫైల్ సిస్టమ్ చదవడం రాదు. కెర్నెల్ డిస్కులో ఏ బ్లాకులలో ఉన్నదో ముందే చీటీ రాసి ఇస్తే, ఆ చీటీ పట్టుకొని పోతుంది. కెర్నెల్ మార్చి లిలోను మళ్ళీ నడపకపోతే చీటీ అబద్ధమవుతుంది, యంత్రం మొరాయిస్తుంది. లేచేటప్పుడు అది తన పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలనూ ఒక్కొక్కటిగా తెరపై రాసేది. 'ఎల్, ఐ' దగ్గర ఆగిందంటే రెండవ దశ మెమరీలోకి వచ్చింది గానీ నడవలేదని అర్థం. రోగి తన నాడిని తానే చెప్పుకోవడమంటే ఇదే కదా! తరువాతి సాఫ్టువేరులలో ఇంత నిజాయితీ నాకు కనబడలేదు.

మరి చికిత్స? వేరొక మాధ్యమం నుంచి చిన్న లినక్సును లేపి, జబ్బుపడిన డిస్కును దానికి తగిలించి, లోపలికి ప్రవేశించి లిలోను తిరిగి నడపడం. ఆ లోపలికి ప్రవేశించే విద్య పేరు 'సీహెచ్‌రూట్'. ఇది లినక్సు కంటే పాతది, 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోనే ఉన్నది. అయితే ఆ చిన్న లినక్సు 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పట్టాలి. డెబియన్ కోసం బ్రూస్ పెరెన్స్ 1995లో బిజీబాక్స్ మొదలుపెట్టింది ఈ ఇరుకును జయించడానికే: పదుల కొద్దీ ఆదేశాలు ఒకే ప్రోగ్రాములో. టామ్ ఓసర్ మరీ మొండివాడు, ఫ్లాపీనే 1722 కిలోబైట్లకు సాగదీసి తన 'టామ్స్ ఆర్టీబీటీ'ని అందులో కూర్చాడు.

సీడీలు వచ్చాక ఇరుకు తీరింది. 2000లో జర్మనీ నుంచి క్లాస్ నాపర్ తెచ్చిన నాపిక్స్ ఏకంగా డెస్కుటాపునే సీడీ నుంచి నడిపింది. రెడ్‌హ్యాట్ స్థాపక సీడీలోనే రెస్క్యూ దారి కూడా ఉండేది. ఇక్కడే అసలు ప్రమాదం. ఒకే సీడీ, రెండు దారులు: ఒకటి డిస్కును తుడిచి కొత్తగా స్థాపిస్తుంది, రెండవది ఉన్నదాన్ని బ్రతికిస్తుంది. కంగారులో మొదటిది ఎంచుకొని ఏళ్ళనాటి ఫోటోలూ, రాతలూ పోగొట్టుకొన్నవారు లోకంలో తక్కువేమీ కారు.

ఎరిక్ బోలిన్ 1995లో ఆరంభించిన గ్రబ్‌కు ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు కనుక చీటీల బాధ తప్పింది, జబ్బులు మాత్రం తప్పలేదు. 2020 జూలై చివర 'బూట్‌హోల్' అనే భద్రతాలోపాన్ని పూడ్చడానికి విడుదలైన నవీకరణలు వేసుకొన్నాక, రెడ్‌హ్యాట్ 7, 8 కూర్పుల యంత్రాలు కొన్ని అసలు లేవలేదు. మందే జబ్బయింది! అప్పుడు రెడ్‌హ్యాట్ సూచించిన వైద్యం: స్థాపక డిస్కుతో రెస్క్యూలోకి వెళ్ళి, సీహెచ్‌రూట్ చేసి, గ్రబ్‌నూ దాని తోడి షిమ్‌నూ పాత కూర్పులకు దించడం. 1979 నాటి విద్యే, నలభై ఒక్క ఏళ్ళ తరువాత.