అడగని కొసరు

కూరగాయల బజారులో కొసరు అడగడం మన జన్మహక్కు. కిలో వంకాయలు తూచాక ఇంకో రెండు వెయ్యమంటాం. వెయ్యకపోతే కనీసం కరివేపాకు రెబ్బయినా పుచ్చుకుని గానీ కదలం. అందులో దాపరికమేమీ లేదు. ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునే మనకీ తెలుసు. సంచీలో ఏం పడిందో కళ్ళారా చూసుకుంటాం.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ కరివేపాకు రెబ్బతో పాటు ఒక మనిషి కూడా చడీచప్పుడు లేకుండా మన వెంట ఇంటికొచ్చేశాడనుకోండి. వంటింట్లో పీట వాల్చుకుని కూచున్నాడనుకోండి. మనం ఉప్పు డబ్బా తీసినప్పుడల్లా "అమ్మగారూ, ఇది కాదు, ఫలానా వారి ఉప్పు కొనండి" అంటూ అడ్డం పడుతున్నాడనుకోండి. పొమ్మంటే పోడు. గుమ్మం దాకా గెంటితే పెరటి దారిన మళ్ళీ వస్తాడు. ఎన్నాళ్ళు భరిస్తాం?

ఇళ్ళల్లో వున్న కంప్యూటర్లలో పాతికేళ్ళకు పైగా జరుగుతున్న భాగోతం ఇదే. దీనికి యాడ్‌వేర్ అని పేరు. మనం అడగకుండానే యంత్రంలో చేరి, ప్రకటనలు చూపించి డబ్బు చేసుకునే ప్రోగ్రామన్న మాట.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. కంప్యూటరు పొట్టలో ఏముంటుందో చెప్పమంటే నీళ్ళు నములుతాను. అయితే ఏ వస్తువు కనబడ్డా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి చూడటం ఆ చదువు అంటించిన జబ్బు. తవ్వితే యాడ్‌వేర్ చరిత్రలో రాజులూ యుద్ధాలూ లేకపోయినా కోర్టులూ, వకీళ్ళూ, ఒక మొసలీ, ఒక ఊదారంగు గొరిల్లా, ప్రేమలో పడ్డ ఒక కుర్రాడూ కనిపించారు. అన్నిటికన్నా ముఖ్యంగా, చెయ్యని తప్పుకి బోనెక్కిన ఒక టీచరమ్మ కనిపించింది. అందుకే ఈ నాలుగు ముక్కలూ మీతో చెప్పాలనిపించింది.

ఇంటర్నెట్‌లో ప్రకటనల పలక వెలిసింది 1994 అక్టోబరు 27న. అమెరికాలో హాట్‌వైర్డ్ అనే పత్రిక తన పేజీ మీద ఏటీ అండ్ టీ టెలిఫోను కంపెనీ వారి ప్రకటన వేసింది. అది బుద్ధిగా తన చోటున తాను కూచుంది. అక్కడితో ఆగితే బాగానే వుండేది. కానీ ట్రైపాడ్ అనే సంస్థలో ఈథన్ జుకర్‌మన్ అనే ఆయన పనిచేసేవాడు. ఒక కార్ల కంపెనీ వారి ప్రకటన మర్యాదగా లేని పేజీ మీద పడిందట. వాళ్ళు లబోదిబోమన్నారు. అప్పుడాయన ప్రకటనను పేజీలోంచి తీసి, విడిగా ఇంకో చిన్న కిటికీలో తెరుచుకునేట్టు ఏర్పాటు చేశాడు. అదే పాపప్. ఆ కిటికీలోంచి తరవాత ఎన్ని దొంగలు పడ్డాయో మనకు తెలుసు. 2014లో ఆయన ఒక వ్యాసం రాసి లోకానికి క్షమాపణ చెప్పుకున్నాడు. కనిపెట్టినవాడే చెంపలేసుకున్న వస్తువులు చరిత్రలో అరుదుగా గానీ దొరకవు.

1990ల ఆఖరుకి ఉచిత ప్రోగ్రాముల జాతర మొదలైంది. ప్రోగ్రాము రాసినవాడు మన దగ్గర పైసా పుచ్చుకోడు. మరి వాడు బతకాలి కదా! ప్రకటనల కంపెనీ వచ్చి, "మీ ప్రోగ్రాముతో పాటు మాది కూడా జనం కంప్యూటర్లలోకి ఎక్కించండి. ఎక్కినదానికల్లా ఇంతని లెక్కగట్టి ఇస్తాం" అంటుంది. వ్యాపారమంతా ఈ ఒక్క ముక్కలోనే వుంది. 2001లో వచ్చిన కజా అనే ప్రోగ్రాముతో పాటలు ఉచితంగా దింపుకోవచ్చని కుర్రకారు ఎగబడ్డారు. పాటలతో పాటు ఈ కొసరు కూడా దిగింది.

పిల్లల కోసం బొంజి బడ్డీ అని ఒకటి వుండేది. ఊదారంగు గొరిల్లా బొమ్మ తెర మీద గంతులేసి, కబుర్లు చెప్పి, పాటలు పాడేది. ముచ్చటేసి తెచ్చుకున్న ఇళ్ళకి లెక్కలేదు. చిన్నపిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న అభియోగం మీద, 2004లో ఆ కంపెనీ అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘానికి 75,000 డాలర్లు చెల్లించుకోవాల్సి వచ్చింది.

ఇక మొసలి సంగతి. గేటర్ అని ఒక కంపెనీ కాలిఫోర్నియాలో వెలిసింది. గేటర్ అంటే మొసలే. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవడం, ఫారాలు తనే నింపడం దాని ప్రోగ్రాము పని. ఎంత సౌకర్యం! కానీ అది పక్కనే కూచుని మనం ఏ పేజీ చూస్తున్నామో కనిపెట్టి వుండేది. మనం ఒక దుకాణం పేజీ తెరిస్తే, సరిగ్గా దాని మీద పోటీ దుకాణం ప్రకటన తెచ్చి పడేసేది. ఒకరి పెళ్ళి పందిట్లో ఇంకొకరు శుభలేఖలు పంచినట్టు. గజేంద్రుడి కాలు పట్టుకున్న మొసలినైనా విడిపించడానికి విష్ణుమూర్తి పరిగెత్తుకొచ్చాడు. ఈ మొసలి మీదకి మాత్రం పత్రికలవాళ్ళే కదలాల్సి వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ వగైరా పత్రికల యజమానులు, మా పేజీల మీద మా అనుమతి లేని ప్రకటనలేమిటని 2002 జూన్‌లో దావా వేశారు. మర్నెల కోర్టు తాత్కాలికంగా ఆపమంది. 2003లో రాజీ కుదిరింది.

అక్కడ నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. భాష మీద బతికేదాన్ని కనక నాకు నచ్చిందేమో! జనం ఇలాంటివాటిని స్పైవేర్ అనేవారు, అంటే గూఢచారి సరుకు. గేటర్‌కి ఆ మాట పడలేదు. కంప్యూటర్ల బాగోగులు చూసే పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ ఆ మాట వాడిందని 2003లో పరువునష్టం దావా వేసింది. అది రాజీలో ముగిసింది, ఆ సంస్థ ఆ పేజీలు తీసేసింది. మమ్మల్ని యాడ్‌వేర్ అనండి, గూఢచారులనకండి అన్నది వాళ్ళ వాదన. అదే ఏడు మొసలి పేరు వదిలేసి క్లారియా అని నామకరణం చేసుకున్నారు కూడా. పేరు మారిస్తే బుద్ధి మారుతుందా అన్నది మన అత్తగార్లనడిగినా చెబుతారు.

"మేం దొంగతనంగా రాలేదు, ఒప్పందం చూపించాం, మీరు ఒప్పుకున్నారు" అన్నది ఆ కంపెనీల ఆఖరి అస్త్రం. నిజమే, పేజీలకు పేజీల ఒప్పందం తెర మీద వచ్చేది. చదివిందెవరు? పైన చెప్పిన పీసీ పిట్‌స్టాప్ వాళ్ళే దీనికో సరదా పరీక్ష పెట్టారు. తమ ప్రోగ్రాము ఒప్పందంలో మధ్యన ఒక వాక్యం ఇరికించి, ఇది చదివి మాకు ఉత్తరం రాస్తే బహుమతి ఇస్తామన్నారు. నాలుగు నెలలు గడిచాయి. మూడు వేల పైచిలుకు మంది ప్రోగ్రాము దింపుకున్నారు. ఉత్తరం రాసింది ఒకే ఒక్కరు! వారికి వెయ్యి డాలర్లు ముట్టాయి. ఎవరూ చదవరని తెలిసి రాసినదాన్ని ఒప్పందం అనొచ్చునా అని నా సందేహం.

ఈ చీకట్లో దీపం పెట్టినవాళ్ళూ వున్నారు. స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామరు తన కంప్యూటర్లోనే ఇలాంటి సరుకు బయటపడేసరికి మండిపడి, 2000లో దాన్ని తొలగించే సాధనం రాసి ఊరికే పంచిపెట్టాడు. పాట్రిక్ కొల్లా అనే జర్మన్ కుర్రాడు స్పైబాట్ అనే ప్రోగ్రాము రాశాడు. అదీ ఉచితమే. ప్రపంచంలోకెల్లా అద్భుతమైన అమ్మాయికి దీన్ని అంకితమిస్తున్నానని దాని ఒప్పందంలోనే రాసుకున్నాడు. ధర బదులు, తన కోసం ఆ అమ్మాయి కోసం ప్రార్థించమన్నాడు. కావ్యాలు అంకితమివ్వడం విన్నాం గానీ చీపురుకట్ట అంకితమివ్వడం నేనిదే వినడం. ఉచితంలోనూ ఎన్ని రకాలున్నాయో చూశారూ!

ఇప్పుడు ఆ టీచరమ్మ కథ చెబుతాను. ఇంతవరకూ నవ్వుతూ చదివినా ఇక్కడ నవ్వు రాదు.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, నార్విచ్ అనే ఊరు. 2004 అక్టోబరు. సెలవులో వున్న టీచరు బదులుగా ఒక రోజు పాఠం చెప్పడానికొచ్చిందావిడ. కంప్యూటరు ఆపవద్దని తనకు ముందే చెప్పారని ఆవిడ అంది. తరగతిలో తలకట్టు ఫేషన్ల పేజీ ఏదో తెరుచుకుంది. దాని వెనక అశ్లీల చిత్రాల కిటికీలు ఒకదాని మీద ఒకటి పుట్టుకొచ్చాయి. ఒకటి మూస్తే ఇంకొకటి. రక్తబీజుడి కథే. తరగతి నిండా పన్నెండూ పదమూడేళ్ళ పిల్లలు. ఆ కంప్యూటరు పాతది, చెడ్డ పేజీలను ఆపే వడపోతకి స్కూలువాళ్ళ లైసెన్సు గడువు తీరిపోయింది.

కేసు పెట్టారు. ఆవిడే కావాలని ఆ పేజీలు తెరిచిందన్నారు ప్రభుత్వ వకీళ్ళు. 2007 జనవరిలో జ్యూరీ నాలుగు నేరాలూ రుజువయ్యాయంది. నలభై ఏళ్ళ దాకా శిక్ష పడే నేరాలవి! అప్పుడు ముక్కూమొహం తెలియని కంప్యూటరు నిపుణులు కొందరు ముందుకొచ్చి, సొంత ఖర్చుతో ఆ యంత్రం తాలూకు రికార్డు పరిశీలించి, ఇది మనిషి పని కాదు, లోపల దూరిన సరుకు పని అని తేల్చారు. జూన్‌లో జడ్జి ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ విచారణకు ఆదేశించింది. చివరకి 2008 నవంబరులో పెద్ద నేరాలన్నీ ఎత్తేశారు. చిన్న నేరమొకటి ఒప్పుకుని, వంద డాలర్ల జరిమానా కట్టి, బడిలో చెప్పే లైసెన్సు వదులుకుని ఆవిడ బయటపడింది. నాలుగేళ్ళు పోయాయి, ఉద్యోగం పోయింది.

"ఎవరు నొక్కారు?" అన్న ఒక్క ప్రశ్నే ఆవిడను బోనెక్కించింది. "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అని ముందే అడిగివుంటే కథ వేరుగా వుండేది.

మన ఇళ్ళ సంగతీ ఆలోచించండి. ఉమ్మడి కంప్యూటరు మీద కాని బొమ్మ ఒకటి ఊడిపడితే మొట్టమొదట వచ్చే ప్రశ్న అదే. అనుమానం వయసొచ్చిన కొడుకు మీదకో, కొత్త కోడలి మీదకో, ఫోను పట్టుకు కూచునే కూతురి మీదకో పోతుంది. చదువుకుంటున్న పిల్లకి కంప్యూటరు కట్! నోరు విప్పి చెప్పుకోలేక ఆ పిల్ల ఎంత కుమిలిపోతుందో తల్లులకు వేరే చెప్పాలా?

మొసలి 2006లో ఈ వ్యాపారం మానుకుంది. అదే ఏడు జాంగో అనే ఇంకో కంపెనీ 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2009లో మూతపడింది. అంతకు ముందే, 2004 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన బ్రౌజరులో పాపప్‌లను ఆపే గడియ బిగించింది. అయితే గడియ బిగిస్తే దొంగ వేషం మార్చాడు. 2014 జనవరిలో క్రోమ్ బ్రౌజరుకి తగిలించుకునే చిన్న సాధనాలు రెంటిని, రాసినవాళ్ళ దగ్గర ఎవరో కొనుక్కుని, వాటిలో గుట్టుగా ప్రకటనలు జొప్పించిన సంగతి బయటపడింది. గూగుల్ వాటిని తీసేసింది. 2015లో లెనోవో కొత్త ల్యాప్‌టాప్‌లలోనే సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్ వున్నట్టు తేలింది. బ్యాంకు పేజీల రహస్యానికి కూడా అది కన్నం పెట్టిందని గగ్గోలు పుట్టింది. కొసరు మాట దేవుడెరుగు, ఇక్కడ కొన్న అసలులోనే పురుగుంది! 2017లో 32 రాష్ట్రాలకు కలిపి ఆ కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టింది. ఆ 2017లోనే ఫైర్‌బాల్ అనేది బయటపడింది. చెక్ పాయింట్ సంస్థ అంచనా ప్రకారం అది సోకిన కంప్యూటర్లు మన దేశంలోనే రెండున్నర కోట్ల పైన. ఆ లెక్క మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అంది. లెక్క ఎవరిది నిజమైనా, బ్రౌజరు మొదటి పేజీ దానంతటది మారిపోతే అనుమానించాలని మాత్రం తేలింది.

చరిత్ర చెప్పి ఊరుకుంటే మీరు నన్ను వదలరు. వదిలించుకునే మార్గం కూడా చెబుతాను. కంప్యూటరు సెట్టింగ్స్‌లో వున్న ప్రోగ్రాముల జాబితా తెరిచి, తేదీ వారీగా పేర్చి చూడండి. మీరు తెచ్చుకోనిది, పేరు తెలియనిది కనిపిస్తే, అదేమిటో విచారించి తీసెయ్యండి. బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడండి. అక్కరలేనివి పీకెయ్యండి. నోటిఫికేషన్ల అనుమతి ఏయే సైట్లకుందో చూడండి. ఎప్పుడో "అలౌ" అన్నందుకు ఇవ్వాళ తెర మూల నుంచి బెదిరించే ప్రకటనలు చాలావరకు అక్కడివే. అప్పటికీ పోకపోతే బ్రౌజరుని రీసెట్ చేసి, మాల్‌వేర్‌బైట్స్ వారి యాడ్‌డబ్ల్యు‌క్లీనర్ వంటి పేరున్న సాధనంతో ఒకసారి ఊడిపించండి. అదైనా తయారుచేసినవారి సొంత సైటు నుంచే తెచ్చుకోండి. "మీ కంప్యూటరులో వైరస్ వుంది, ఇక్కడ నొక్కండి" అని తెర మీద గంట కొట్టేవాడిని మాత్రం నమ్మొద్దు. ఇక రాకుండా వుండాలంటే కొత్త ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు "ఎక్స్‌ప్రెస్" అని తొందరపెట్టే బొత్తాం వదిలి, "కస్టమ్" అన్నది నొక్కి, ముందే టిక్కు పెట్టివున్న గళ్ళు ఒక్కొక్కటీ చూసి తీసెయ్యండి. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక చాలు.

ఈసారి ఇంట్లో తెర మీద కాని బొమ్మ ఏదైనా కనబడితే పిల్లల్ని పిలవండి, కేకలెయ్యడానికి కాదు. పక్కన కూచోబెట్టుకుని ఆ జాబితా తెరవండి. ఎవరు నొక్కారో తరవాత తేల్చుకోవచ్చు. ముందు పీట మీద కూచున్న ఆ పెద్దమనిషిని గుమ్మం దాటిద్దాం.