తెరపై తెలుగు, చెవికి అందని తెలుగు: సిద్ధాంత గ్రంథాలు - దృష్టిలోపం గల పరిశోధకులు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో డిగ్రీ ముగించి పరిశోధన చేయదలచిన విద్యార్థికి సమీపంలోని విశ్వవిద్యాలయం కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం. 2008లో అది ఏర్పడకముందు ఆ స్థానం అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానిది. ఆ విద్యార్థికి దృష్టిలోపం ఉంటే గ్రంథాలయంలో ఏమి చదవగలడన్న ప్రశ్నకు సమాధానం పరికరాల చరిత్రలో కంటే లిపి సంకేతాల చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

1951లో రూపొందిన భారతి బ్రెయిల్ తెలుగుకూ ఆరు చుక్కల రూపమిచ్చింది. అందులో ఒత్తులు కిందికి దిగవు. అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. అయితే పాఠ్యపుస్తకాలు దాటి పరిశోధన గ్రంథాలు బ్రెయిల్‌లోకి రావడం అరుదు. చదివి వినిపించే తోడు దొరికితేనే చదువు.

1991 నాటి యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. డీటీపీ కేంద్రాలు మాత్రం చాలాకాలం వేరే దారిలో నడిచాయి. ఆంగ్లాక్షరాల సంకేతాలకు తెలుగు ఆకృతులు తొడిగిన ఖతులవి. కంటికి తెలుగే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం పొంతన లేని ఆంగ్లాక్షరాలు. 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ, ఈస్పీక్ ద్వారా తెలుగును పలకగలదు. యంత్రానికి మాట వచ్చింది, చదవడానికి పాఠమే లేదు. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. ఆ ప్రతులు శోధగంగకు చేరాయి. చేరినవన్నీ చదవదగినవని చెప్పలేం. ఈ వ్యాసకర్త సిద్ధాంత గ్రంథమూ అలాంటిదే. నాలుగుసార్లు అచ్చుతప్పులు దిద్దిన ఆ గ్రంథాన్ని ఎన్‌వీడీఏతో తెరిచినప్పుడు ముఖపత్రంలోని శీర్షికే అర్థంకాని అక్షరాల వరుసగా వినిపించింది.

చట్టం ఈలోగా ముందుకు వెళ్లింది. 2012 కాపీరైట్ సవరణ అందుబాటు ప్రతుల తయారీకి అడ్డు తొలగించింది. మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నతవిద్యలో 5 శాతం సీట్లు కేటాయించింది. అదే ఏడాది సుగమ్య పుస్తకాలయం వచ్చింది. సీటు దొరికిన విద్యార్థి, మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘంపై పరిశోధించాలనుకుంటే? పాత నివేదికలు స్కాన్ చేసినా అవి బొమ్మలే. ఓసీఆర్ వాటిని పాఠంగా మార్చగలదు గాని, మసకబారిన అచ్చులో ఒత్తుల దగ్గర తడబడుతుంది.

పాత ఖతులను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. మూలఫైళ్లు ఇంకా పరిశోధకుల దగ్గరే ఉన్నాయి గనుక, పీడీఎఫ్‌తోపాటు యూనికోడ్ పాఠాన్నీ గ్రంథాలయం అడిగితే సరిపోతుంది, ఖర్చు స్వల్పం. నా గ్రంథంలో మూడు అధ్యాయాలు మార్చాను. ఒత్తులు స్థానం తప్పిన చోట్ల చేత్తో దిద్దుతున్నాను. నాలుగోది సగంలో ఉంది.