సైనిక డేటా లింకు: స్విచ్చుల పలక చెప్పే కథ

హౌరా–ముంబయి రైలుమార్గంలో రాయపూర్, భిలాయిల మధ్య కుమ్హారి స్టేషను వస్తుంది. ఉక్కు కర్మాగారం పనిమీద భిలాయిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు అది కొత్త పేరు కాదు. మన రైల్వేల్లో పక్కపక్క స్టేషన్ల మధ్య చాలాకాలంగా వాడిన డబుల్ లైన్ బ్లాక్ పరికరాన్ని మీలో కొందరైనా చూసి ఉంటారు. దాని సూచికకు మూడు స్థానాలు: లైన్ మూసి ఉంది, లైన్ క్లియర్, రైలు లైన్ మీద ఉంది. అవతలి స్టేషను మాస్టరు తన దగ్గరి పిడి తిప్పితే ఇవతలి సూచిక కదులుతుంది. అంటే ఆ పిడి ఉన్నది దూరాన ఉన్న మరో మనిషికి ఒక మాట చెప్పడానికి. యుద్ధనౌకల్లో ఉండే రేడియో డేటా లింకు కంట్రోల్ ప్యానెల్ కూడా ఇలాంటిదే. ఈ పాఠంలో దాని చరిత్ర చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఒక నౌక రాడార్‌లో కనిపించిన విమానం సంగతి మరో నౌకకు నోటిమాటగా రేడియోలో చెప్పేవారు. అక్కడ ఒకరు విని, పలక మీద గుర్తు పెట్టేవారు. జెట్ విమానాలు వచ్చాక ఈ పద్ధతి చాలలేదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం నిమిషంలో 15 కిలోమీటర్లు దాటిపోతుంది. గుర్తు పెట్టేసరికి అది అక్కడ ఉండదు.

దీనికి తొలి జవాబుల్లో ఒకటి కెనడా నౌకాదళం నుంచి వచ్చింది. డేటార్ అనే వ్యవస్థను 1953లో అంటారియో సరస్సు మీద నడిపి చూపారు. నౌకల మధ్య రాడార్ సమాచారం అంకెల రూపంలో రేడియో ద్వారా సాగింది. తెర మీద గుర్తును జరపడానికి అక్కడి ఇంజినీర్లు ఒక బౌలింగ్ బంతిని తెచ్చి ప్యానెల్‌లో అమర్చారు. తర్వాత కంప్యూటర్లతో వచ్చిన ట్రాక్‌బాల్‌కు అదే పూర్వీకురాలు. కంప్యూటర్ మౌస్ గురించి చెప్పే పుస్తకాలు ఈ బంతిని తరచు మరిచిపోతుంటాయి.

1960ల మొదట్లో అమెరికా నౌకాదళం తన కంప్యూటర్ వ్యవస్థతో పాటు లింక్-11 అనే డేటా లింకును తెచ్చింది. ఇది 16 స్వరాలను ఒకేసారి పంపుతుంది. అందులో 605 హెర్ట్జ్ స్వరం డాప్లర్ దోషాన్ని సరిదిద్దడానికి. మిగిలిన 15 స్వరాల్లో ఒక్కొక్కటి తన దశను మార్చుకుంటూ 2 బిట్లను మోస్తుంది. ఒక చట్రానికి 30 బిట్లు. అందులో 24 సమాచారం, 6 తప్పులు పట్టడానికి. సెకనుకు 75 చట్రాలైతే ఎన్ని బిట్లో మీరే లెక్కవేయండి. 2,250 వస్తుంది. రేడియోలో గోల ఎక్కువైతే ఆపరేటర్ వేగం స్విచ్చును నెమ్మది వైపు తిప్పుతాడు. అప్పుడు సుమారు 1,364 బిట్లే వెళతాయి, కానీ కాస్త శుద్ధంగా చేరతాయి.

ప్యానెల్ మీద ఇంకేముంటాయి? నౌక చిరునామా పెట్టే చిన్న చక్రాలు. ఈ నౌక నాయకత్వం వహిస్తుందా, పిలిస్తే పలుకుతుందా అని నిర్ణయించే స్విచ్చు. తర్వాత విధానం స్విచ్చు. మామూలుగా దాన్ని రోల్‌కాల్‌లో ఉంచుతారు. అది మీ తరగతి హాజరే. నాయక నౌక ఒక్కో చిరునామాను పిలుస్తుంది, ఆ నౌక పలుకుతుంది, అందరూ వింటారు. రెండు నౌకలు పొరపాటున ఒకే చిరునామా పెట్టుకుంటే రెండూ ఒకేసారి పలుకుతాయి, ఎవరి మాటా వినిపించదు. నాయక నౌక ఆగితే హాజరు పిలిచేవారే ఉండరు.

అదే స్విచ్చులో రేడియో నిశ్శబ్దం అనే స్థానం ఉంది. అందులో పెట్టిన నౌక వింటుంది, పలకదు. పలికే నౌక ఏ దిక్కున ఉందో శత్రువు పసిగట్టగలడు కాబట్టి ఇది అవసరం. అలా ఎదుటివాడి రేడియో, రాడార్ సంకేతాలను పసిగట్టే విద్య కోసం మన దేశంలో ప్రత్యేకంగా పనిచేస్తున్నది హైదరాబాద్‌లోని డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ రిసెర్చ్ లేబొరేటరీ. అది 1961లో ఏర్పడింది.

ఇప్పుడు 1988 జులై 3కు రండి. ఆ రోజు ఉదయం ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి దుబాయికి ఒక ఎయిర్‌బస్ విమానం బయలుదేరింది. ఆ విమానాశ్రయాన్ని సైనిక విమానాలూ వాడేవి. అదే సమయంలో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ పడవలతో కాల్పుల్లో ఉంది. విమానాన్ని రెండు నౌకల రాడార్లు చూశాయి. విన్సెన్స్ దానికి 4474 అని సంఖ్య ఇచ్చింది. సైడ్స్ అనే మరో నౌక 4131 అంది. రెండూ ఒకటేనని డేటా లింకు గుర్తించి 4131ని ఖాయం చేసింది. యంత్రం తన పని సరిగానే చేసింది. అయితే పాత సంఖ్య మరో అమెరికా విమానానికి వెళ్ళిందనీ, కిందికి దిగుతున్నది అదేననీ తర్వాతి విశ్లేషకులు చూపారు.

ఇంకొకటి. విమానం మనదా, పరాయిదా అని అడిగే పరికరంలో ఏ దూరంలోని జవాబు వినాలో ఆపరేటర్ నిర్ణయిస్తాడు. అతడు ఆ గుర్తును విమానాశ్రయం మీద పెట్టి సుమారు 90 సెకన్ల పాటు కదపలేదు. విమానం ముందుకు సాగింది, గుర్తు అక్కడే ఉంది. నేల మీది సైనిక విమానం జవాబును ఎయిర్‌బస్ జవాబుగా పొరబడి ఉండవచ్చని విచారణ నివేదిక చెప్పింది. నౌకలో రికార్డయిన సమాచారంలో విమానం పైకి ఎగురుతోంది. గదిలో దిగుతోందని అరిచారు. రెండు క్షిపణులు వదిలారు. 290 మంది పోయారు. వారిలో 66 మంది పిల్లలు, 10 మంది భారతీయులు.

నివేదిక ఎక్కువగా మనుషుల ఒత్తిడిని, పొరపాటును ఎత్తిచూపింది. నాకది సగం జవాబే అనిపిస్తుంది. తాను ఇంకా పాతచోటే చూస్తున్నానని చెప్పని స్విచ్చుది తప్పు కాదా? విమానం ఎత్తు పెరుగుతోందో, తగ్గుతోందో పెద్ద తెర మీద నేరుగా కనబడేది కాదు. ఆ లోటును నివేదిక కూడా గుర్తించింది. తర్వాత అమెరికా నౌకాదళం ఒత్తిడిలో నిర్ణయాల మీద ఒక పరిశోధన కార్యక్రమం నడిపింది. అందులో తయారైన ప్రయోగాత్మక తెరలో ఒక మూల చిన్న గ్రాఫు ఉండేది. ఎంచుకున్న విమానం గడిచిన నిమిషాల్లో ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తుకు వచ్చిందో అందులో ఒక గీత చూపేది.