‘వార్త’ నిర్వచనం, తపాలా రాయితీ, బాలల చిన్న పత్రికలు: ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలుగు బాలల పత్రికల చరిత్రను సంపాదకులు, రచయితలు, చిత్రకారుల కృషి ఆధారంగా వివరించడం పరిపాటి. పత్రిక పిల్లల చేతికి ఏ మార్గంలో చేరింది, ఆ మార్గానికి ఎంత వెచ్చించవలసి వచ్చింది అన్న అంశానికి ఆ చరిత్రలో దక్కిన చోటు తక్కువ. దినపత్రికకు సొంత వాహనాలు, ఏజెంట్లు ఉంటారు. కొన్ని వందల మంది చందాదారులు వేర్వేరు ఊళ్లలో ఉన్న పిల్లల పత్రికకు తపాలాయే ప్రధానాధారం. తపాలా రాయితీకి చట్టం పెట్టిన షరతులు అటువంటి పత్రికకు ఎంతవరకు అనుకూలించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. నిర్వచనం పుట్టుక

బ్రిటన్‌లో 1870 నాటి తపాలా చట్టం వార్తాపత్రికకు ప్రత్యేక రేటు కల్పించింది. రాజకీయ వార్తలు, ఇతర వార్తలు, వాటికి సంబంధించిన వ్యాసాలు లేదా ఇతర వర్తమాన విషయాలు పూర్తిగా గాని అధికభాగం గాని ఉన్న ప్రచురణకే ఆ రేటు వర్తించింది. సంచికకు సంచికకు నడుమ వ్యవధి 7 రోజులు మించరాదన్నది మరొక షరతు. ఈ నిర్వచనం ముందున్న పాఠకుడు రాజకీయ విషయాలపై ఆసక్తిగల వయోజనుడు. నెలకొకసారి కథలు, నీతిబోధ, బొమ్మలతో వెలువడే బాలల పత్రిక దాని పరిధిలోకి రాలేదు.

భారతదేశంలో 1854 నాటి సంస్కరణ దూరంతో నిమిత్తం లేని ఏకరీతి రేటును తెచ్చింది. మారుమూల గ్రామానికి, మహానగరానికి ఒకే ధర అన్న ఆ సూత్రం పత్రికా వ్యాప్తికి బలమైన పునాది. 1898 నాటి భారత తపాలా చట్టం 9వ సెక్షన్ బ్రిటిష్ నిర్వచనాన్ని దాదాపు యథాతథంగా స్వీకరించి, వ్యవధిని మాత్రం 31 రోజులకు పెంచింది. నిజమైన చందాదారుల జాబితా ఉండాలని కోరింది. ప్రకటనలు ఉన్నా లేకున్నా రాయితీ వర్తిస్తుందని స్పష్టం చేసింది.

2. బాలల పత్రికల స్థితి

31 రోజుల పరిమితి మాసపత్రికలకు మేలు చేసింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసు నుంచి ప్రారంభించిన ‘బాల’, 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ఆరంభించిన ‘చందమామ’ మాసపత్రికలే. కాలవ్యవధి షరతు అటువంటి పత్రికలకు అడ్డు కాలేదు. విషయానికి సంబంధించిన షరతుతోనే చిక్కు. జానపద కథ, పొడుపుకథ, పిల్లలు స్వయంగా రాసి పంపిన గేయం ‘వార్త’ కిందికి రావు. ‘ఇతర వర్తమాన విషయాలు’ అన్న పదబంధాన్ని ఉదారంగా అన్వయిస్తేనే బాలల పత్రికకు ప్రవేశం. అంటే దానికి దక్కేది అన్వయించే అధికారి ఔదార్యం మీద ఆధారపడిన అవకాశమే.

పత్రికల నమోదు చట్టాలదీ ఇదే ధోరణి. 1867 నాటి చట్టం వార్తాపత్రికను ప్రజాసంబంధ వార్తలు, వాటిపై వ్యాఖ్యలు గల ప్రచురణగా నిర్వచించింది. దాని స్థానంలో 2024 మార్చి 1న అమలులోకి వచ్చిన 2023 నాటి చట్టంలోనూ ఆ భావనే కొనసాగింది.

షరతుల భారం చిన్న పత్రికపై అధికం. నమోదు సంఖ్య తెచ్చుకోవాలి, తపాలా నమోదును గడువు తీరగానే పునరుద్ధరించుకోవాలి, నిర్ణీత తేదీన నిర్ణీత కార్యాలయంలోనే ప్రతులు అందజేయాలి. కార్యాలయ సిబ్బంది ఉన్న సంస్థకు ఇది నిత్యకృత్యం. బడి పని ముగిశాక పత్రిక నడిపే ఉపాధ్యాయుడికి ఇదే పెద్ద పని. నిధులు చాలక రెండు నెలలకో, మూడు నెలలకో ఒక సంచిక తెచ్చే పత్రికకు కాలవ్యవధి షరతు వల్లనే అర్హత పోతుంది. రాయితీ అవసరం ఎక్కువగా ఉన్నవారే దానికి దూరమవుతారు.

1898 చట్టపు షెడ్యూలులో చివరి దశలో ఉన్న రేట్ల ప్రకారం నమోదైన పత్రిక ప్రతికి 50 గ్రాముల వరకు 25 పైసలు, 100 గ్రాముల వరకు 50 పైసలు, ఆపై ప్రతి 100 గ్రాములకు 20 పైసలు. నమోదు లేని ప్రతికి రుసుము రూపాయలలో ఉంటుంది. ఈ తేడా చందా మొత్తాన్నే మార్చివేయగలదు. పైగా రేటు బరువును బట్టే తప్ప ఆ బరువులో పాఠ్యభాగమెంత, ప్రకటనలెంత అన్న లెక్కను బట్టి లేదు. ప్రకటనలతో బరువెక్కిన పత్రిక, ప్రకటనలు లేని పిల్లల పత్రిక ఒకే కొలమానంలో ఇమిడిపోయాయి.

3. మరొక నమూనా

అమెరికాలో 1879 మార్చి 3 నాటి చట్టం వేరే దారి ఎంచుకుంది. ప్రజోపయోగ సమాచారంతో పాటు సాహిత్యం, శాస్త్రాలు, కళలకు అంకితమైన ప్రచురణలను కూడా రెండవ తరగతి తపాలాలో చేర్చింది. ఏడాదికి 4 సంచికలు వెలువడితే చాలంది. ప్రధానంగా ప్రకటనల కోసం వెలువడేవాటిని మినహాయించింది. 1873లో న్యూయార్కులో మొదలైన ‘సెయింట్ నికొలస్’ వంటి బాలల మాసపత్రిక వార్తాపత్రికనని చెప్పుకోనక్కరలేని నిర్వచనం ఇది. 1917 నాటి యుద్ధకాల చట్టం మరొక అడుగు వేసి, ప్రకటనల భాగానికి దూరాన్ని బట్టి హెచ్చు రేటును, పాఠ్యభాగానికి దూరంతో నిమిత్తం లేని రేటును నిర్ణయించింది. పాఠ్యాన్ని, ప్రకటనను వేరుచేసి లెక్కించడం ఆచరణసాధ్యమేనని దీనివల్ల రుజువైంది.

4. న్యాయమైన రేటు అంటే ఏమిటి?

రాయితీని విస్తరిస్తే తపాలా శాఖ నష్టం పెరుగుతుందన్న ఆక్షేపణ సహేతుకమైనదే. ఒక ప్రతిని ఇంటికి చేర్చే ఖర్చు పావలాతో తీరదు. ఆ లోటును ప్రజాధనమే భరిస్తుంది. అందువల్లనే అది ఎవరికి చేరుతున్నదని అడగవలసి ఉంటుంది. ఇతర పంపిణీ మార్గాలున్న పెద్ద పత్రికకు అది అదనపు వెసులుబాటు, చిన్న పత్రికకు ప్రాణాధారం. బాలల పఠన సామగ్రిని నిర్వచనంలో పేర్కొనడం, వ్యవధిని త్రైమాసికం వరకు సడలించడం, ప్రకటనల పరిమాణాన్ని పరిగణించడం అన్న మూడు మార్పులతో రాయితీ అవసరమైన చోటికి మళ్లుతుంది. చందాదారుల జాబితా షరతు దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఎలాగూ ఉంటుంది.

2008లో అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతం నుంచి వెలువడిన ‘కొత్తపల్లి’ బాలల మాసపత్రిక అచ్చుతోపాటు అంతర్జాలంలోనూ ఉచితంగా లభించింది. తపాలా సమస్యకు అంతర్జాలమే పరిష్కారమని దీన్నిబట్టి అనుకోవచ్చు. కాని తన పేరు రాసి ఉన్న ప్రతి ఇంటికి రావడం, అది చేతులు మారుతూ బడి అంతా తిరగడం పల్లె పిల్లలకు తెరమీద దొరికేవి కావు.

ముగింపు

2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 నాటి తపాలా చట్టంతో 1898 చట్టం రద్దయింది. సేవల నిబంధనలు, రుసుముల నిర్ణయం తపాలా శాఖ రూపొందించే నియమావళి పరిధిలోకి చేరాయి. 1870లో వయోజన పాఠకుడి కోసం రూపొందిన నిర్వచనాన్ని సవరించడానికి ఇకమీదట పార్లమెంటు చట్టసవరణ దాకా వెళ్లనక్కరలేదు. ఆ సౌలభ్యాన్ని వినియోగించుకుంటే బాలల పత్రికకు రాయితీ అధికారి ఔదార్యంగా కాక హక్కుగా లభిస్తుంది.