లదేణి నుంచి మట్టి తట్ట దాకా

మన తాండాల్లో నలభై ఏళ్లు దాటిన ఆడవాళ్లను గమనించండి. కూర్చుని లేవాలంటే మోకాలి మీద చెయ్యి ఆనిస్తారు. నీళ్ల బిందె ఎత్తడానికి పక్కింటివాళ్లను పిలుస్తారు. "ఏమైంది యాడీ?" అని అడిగితే "వయసైపోయింది, నడుము పట్టేసింది" అంటారు. నలభై ఐదేళ్లకే వయసైపోతుందా? ఈ నొప్పికి ఒక చరిత్ర ఉంది. అది మన జాతి చరిత్రలో భాగమే.

సుగాలీలమైన మన పూర్వీకుల వృత్తి లదేణి, అంటే ఎద్దుల మీద సరుకు చేరవేయడం. సముద్ర తీరం నుంచి ఉప్పు పైప్రాంతాలకు తెచ్చేవారు, తిరుగు దారిలో ధాన్యం తీసుకుపోయేవారు. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన ఇంగ్లీషు సైన్యానికి తిండిగింజలు అందించింది కూడా మన ఎద్దుల మందలే. ఎరుకల సోదరులు కూడా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు తెచ్చి ఊరూరా అమ్మేవారు. గోణెలు ఎద్దు వీపుకు రెండు వైపులా సరితూగాలి. మేత, నీళ్లు ఉన్నచోట ఆగి బరువు దించాలి. ఎద్దు నడుము చెడితే బతుకే చెడుతుందని మన పెద్దలకు తెలుసు.

1800లో ఈ సీమ నిజాం చేతి నుంచి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. తర్వాత బండి బాటలు పడ్డాయి. 1871 నాటికి మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు నడిచింది. ఎద్దు మోసే సరుకు రైలెక్కింది. అదే 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తిరిగి బతికే జాతుల తిరుగుడే నేరమైంది.

ఈ మధ్యలోనే 1876–78 కరువు వచ్చింది. కరువు పనుల్లో చెరువు కట్టలకు, రోడ్లకు పేదలు మట్టి మోశారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మగమనిషి రోజు కూలిలో ధాన్యాన్ని ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు తగ్గించాడు. అంత తక్కువ తిండితో పని చేస్తే ఒళ్లు నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. మోసే మనిషి ఒంటి గురించి ప్రభుత్వంలోనే వాదన జరిగిందన్నమాట.

ఎద్దులు పోయాక బరువు మన తలల మీదికి వచ్చింది. కట్టెల మోపు, మట్టి తట్ట, బెంగళూరు కట్టడాల్లో ఇటుకలు, 50 కిలోల సిమెంటు బస్తా. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. వలస పోకుండా ఎన్నో కుటుంబాలను ఆ పని నిలబెట్టింది. అయితే కూలి కొలతను బట్టి వస్తుంది. కొలత తేలాలంటే తట్ట ఆగకూడదు. అందుకే నొప్పి ఉన్నా మోస్తారు.

తరగతిలో మేము పిల్లల చేత ఒక లెక్క చేయిస్తాం. తట్టలో 15 కిలోల మట్టి, రోజుకు 100 తట్టలు అనుకుంటే ఎంత? 1,500 కిలోలు. ఒకటిన్నర టన్ను! అది అమ్మ మోసిన బరువని తెలిసినప్పుడు పిల్లలు మాట్లాడరు. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లలాంటి డిస్కులు ఉంటాయి. వంగి, పక్కకు తిరుగుతూ బరువెత్తితే వాటి మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే డిస్కు జారి నరాన్ని నొక్కవచ్చు. అప్పుడు నడుము నొప్పి కాలిదాకా పాకుతుంది. అది వయసు కాదు, పని చేసిన గాయం.

చట్టం ఏమంటుంది? గాయం చేసేంత బరువు ఎవరి చేతా మోయించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో రాశారు. కానీ ఆ మాట ఫ్యాక్టరీ గేటు దాటి మన మట్టి గుంతల దాకా రాలేదు. 2005 ఉపాధి హామీ చట్టం మాత్రం పనిలో గాయపడితే ఉచిత వైద్యం ఇవ్వాలని చెప్పింది. ఆసుపత్రిలో చేరితే రోజుకు సగం కూలికి తగ్గకుండా భత్యం ఇవ్వాలని కూడా చెప్పింది. చెయ్యి విరిగితే అందరికీ కనబడుతుంది, అడుగుతారు. నడుము పట్టేస్తే మనమే "వయసు" అని కొట్టిపారేస్తాం. రాతలో లేని గాయానికి హక్కు అడిగేదెలా?

కాబట్టి చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. నడుము పట్టేసిన రోజు, పని చేసిన చోటు, మోసిన బరువు ఒక నోటుబుక్కులో రాయండి. ఆ రోజే మస్టరు రాసేవారికి చెప్పండి. డాక్టరు చీటీలో "బరువు మోస్తుండగా" అన్న మాట రాయించండి. సామాజిక తనిఖీకి వచ్చినవారి ముందు, గ్రామసభలో ఆ పుస్తకం చదవండి. తోటి ఉపాధ్యాయులారా, ఆ లెక్క మీ తరగతిలోనూ చేయించండి. పనుల పేర్లు, నియమాలు మారుతుంటాయి, మోసే నడుము మాత్రం మనదే.

లదేణిలో ఎద్దుకు కూడా బరువు దించే చోటు ఉండేది. మన యాడీలకు అది ఇంకా దొరకలేదు.