చెనక్కాయ వేరులో బుడిపెలు



నేను ఆరో క్లాసు చదివేటప్పుడు, తిరువణ్ణామలై పక్కన మా చేన్లో చెనక్కాయ చెట్టు పెరికి, వేర్లకున్న బుడిపెలు రోగమనుకొని గిల్లేస్తా ఉంటే మా నాయన కోప్పడినాడు. "అవి ఉంటేనేరా వచ్చే పైరుకు బలం" అన్నాడు. ఎట్లా అని అడిగితే చెప్పలేకపోయినాడు. అరవంలో చదివిన నాకు, ఆ జవాబు రిటైరైనాకే దొరికింది.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని రెండు పరమాణువులు మూడు కట్లతో బిగుసుకొని ఉంటాయి. పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ కట్లు తెంచి ఎరువు చేసే హేబర్, బాష్ పద్ధతి ఫ్యాక్టరీ జర్మనీలో 1913లో మొదలయింది. దానికి 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలికి సుమారు 200 రెట్ల ఒత్తిడి కావాల. బుడిపె అదే పనిని మట్టి వేడిలోనే చేస్తుంది!

1886లో జర్మనీ శాస్త్రవేత్త హెల్‌రీగెల్, బుడిపెలున్న పప్పుజాతి చెట్లు గాలి నత్రజనిని వాడుకుంటాయని చెప్పినాడు. 1888లో హాలండ్‌కు చెందిన బైయరింక్ ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను వేరుచేసినాడు. 1930లో బోర్టెల్స్, నత్రజని పట్టే మట్టి బ్యాక్టీరియాకు మాలిబ్డినం అనే లోహం రవ్వంత కావాలని కనిపెట్టినాడు. 1977లో అమెరికాలో వినోద్ షా, విన్‌స్టన్ బ్రిల్ ఎంజైములోంచి ఆ లోహపు ముక్కను విడిగా తీసినారు. 1992లో కిమ్, రీస్ దాని ఆకారం చూపించినారు. ఇనుము 7, గంధకం 9, మాలిబ్డినం 1. నడిమధ్యలో ఉండేది కార్బన్ అని 2011లో తేలింది.

కౌంటర్లో టికెట్ ఒక్కొక్కటే ఇచ్చినట్టు, ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటే ఈ ముక్కకు చేరతాయి. లోహానికి పట్టుకున్న నత్రజని కట్లు వదులై, అమ్మోనియా అవుతుంది. ఒక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏటీపీ అణువుల శక్తి ఖర్చు. చెట్టు చక్కెర ఇచ్చి ఆ ఖర్చు భరిస్తుంది.

బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతా ఉందని అర్థం. మన రక్తంలో మాదిరే అక్కడా ఇనుమున్న ఎర్ర పదార్థం ఉంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఎంజైము చెడిపోతుంది, అందుకే అది ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగానే అందిస్తుంది.

మా చేను ఇప్పుడు ఇళ్ల ప్లాట్లయింది. నాయనా లేడు. ఆయన చెప్పింది నిజమని ఆయనకే చెప్పలేకపోయినాను. మీ ఇళ్లలో పెద్దలుంటే, ఏ పైరు తర్వాత ఏది వేసేవాళ్లో ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. వాళ్లు చెప్పేదాంట్లో కారణం లేకపోవచ్చు. కారణం మన పిల్లలు వెతుక్కుంటారు.