తిరగలి చుట్టూ దైవస్మరణ

ఉగాది సంచికలో సూఫీల ప్రసక్తి ఏమిటని చదువరులు అడుగవచ్చును. మనము తరతరాలుగా కాపురమున్న ఈ కన్నడ సీమ కథయే ఇది.

భగవన్నామ స్మరణను సూఫీలు ‘జిక్ర్’ అంటారు. పైకి వినిపించునది జలీ. మనసులో సాగునది ఖఫీ. గురువు చెంత కూర్చుండి ఊపిరిని అదుపు చేసికొని నేర్వవలసిన విద్య ఇది. తెల్లవారకముందే తిరగలి ముందు కూర్చునే ఇల్లాలికి అంత తీరిక ఎక్కడిది? బిజాపురపు చిష్తీ పరంపర వారు దీనికొక దారి చూపినారు. 1675లో గతించిన అమీనుద్దీన్ ఆలా ఈ పరంపరలోని వారే. దక్కనీ భాషలో చక్కీనామాలు, చర్ఖానామాలు అనే పాటలు వెలసినవి. నిటారుగా నిలిచిన తిరగలి పిడి ‘అలిఫ్’ అక్షరమట. అల్లా నామములో అదే మొదటిది. రాయి తిరిగినకొద్దీ నామము సాగుతుంది. రాట్నానికీ అదే వరుస. పిండికి పిండి, పుణ్యానికి పుణ్యం! అరబ్బీ, ఫారసీ రాని స్త్రీలకు ఇవి ఇంటి మాటలు గనుక నోటికి పట్టినవి. పండితుల గ్రంథాలకంటె ఈ పాటలే సూఫీ భావాలను వంటింటి దాకా చేర్చినవని మా అభిప్రాయము.

మా నాయనమ్మ తన తిరగలిని రైలులో ఈ ఊరికి తెచ్చుకొన్నది. కందులు విసురుతూ ఆమె ఎన్నో పాటలు పాడేదట. పిండిమర వచ్చిన తరువాత తిరగలి మూలకు చేరినది. మొన్న అడిగితే మా అమ్మకు రెండు పాటలే జ్ఞాపకమున్నవి, రెండవది సగమే. ఆ సగమును కూడ వ్రాసి ఉంచినాము.